పదకొండు ఈలలు

నేను ఈల వేస్తే భద్రాచలం బస్సు ఆగేది. ఎంత జోరు మీద వస్తున్నా సరే, డ్రైవరు గుండె పట్టుకుని బ్రేకు తొక్కేవాడు. ఈ మాట నేను చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లూ ఉన్నారు. నిజానికి బస్సు ఆగింది ఒక్కసారే, అదీ టైరు పంక్చరై. కిందికి దిగిన డ్రైవరు, పక్కనే నిలబడి ఈల వేస్తున్నానని నన్ను జాకీ రాడ్డుతో వాగు దాకా తరిమాడు.

ఈల సంగతి మాత్రం అబద్ధం కాదు. ఆడపిల్ల ఈల వేయకూడదని మా దాది సక్రి, అంటే మా బాపును కన్నతల్లి, నా మూతి మీద కొట్టని రోజు లేదు. ఆ దెబ్బలకే పెదవులు బాగా సాగి ఈల ఇంకా చక్కగా వచ్చిందని నా నమ్మకం.

ఎనభై రెండు ఎండాకాలం సంగతి ఇది. నాకప్పుడు పదిహేడేళ్లు. ములకలపల్లి నుంచి అడవిలోకి పోయే బండ్ల బాట మీద ముప్పై రెండు గడపల తండా మాది. పొదలు నరికి, మొద్దులు పెకిలించి, ఆ నేలను చెలక చేసుకుని ఏడేళ్లయింది. అది మాదని చెప్పే కాగితం ముక్క ఒక్కటి లేదు. ఆ ఏడు సర్వే ఉందని కబురొచ్చింది. సర్వే సారు ముందుగానే వచ్చి, మా తండా పెద్ద, నాయక్ భద్రు ఇంటి ముందు మంచం మీద కూర్చుని, అందరికీ వినపడేలా చెప్పాడు.

"మే రెండో తారీఖు వస్త. ఆ దినం ఏ ఇంట్ల పొయ్యి మండుతుంటే ఆ ఇంటి పేరు రాస్త. పొయ్యి సల్లగుంటే ఆ జాగ మల్ల అడవే. తర్వాత నా ఎంబడి తిరుగుడు పెట్టుకోవద్దు."

నేల పట్టకపోతే తండా లేపుకుని పోవడం మాకు కొత్త కాదు. మనుషులో గొడ్లో వరసగా పోతే, పెద్దలు కూర్చుని 'ఈ నేల మనల్ని వద్దంటున్నది' అంటారు. అంతే, ఇళ్లన్నిటిలోనూ పెద్ద ముసలామె నీళ్లు పోసి పొయ్యిలు ఆర్పుతుంది, బండ్లు కదులుతాయి. మా బాపు బద్యా పుట్టినప్పటి నుంచి నాలుగు నేలలు మారాడు. అయిదోది మారనని తెగేసి చెప్పాడు. సర్వే సారు మాట విన్న రోజు నుంచి మా పొయ్యికి బాపు కాపలా. మధ్యాహ్నం అంబలి తాగి పడుకున్న మా యాడిని కూడా లేపి "హేమ్లీ, నిప్పు చూసినవా?" అని అడిగేవాడు. మా అమ్మ నిద్రలో కూడా "చూసిన" అని జవాబు చెప్పడం నేర్చుకుంది.

హోలీ వెళ్లిన వారానికి కిరాయి బండి మీద జానీ మియా దిగాడు. మధిరలో రైల్వే తంతి పని చేసి రిటైరైన మనిషి. తెల్ల గడ్డం, ఒక ట్రంకుపెట్టె, నాలుగు ఇనప కడ్డీలు, మేకను కట్టేస్తే మేక కనపడనంత తీగ చుట్ట. దిగీ దిగకముందే భద్రును అడిగాడు.

"ఇక్కడ కరెంటు లేదట కదా?"

నాలుగేళ్లుగా కరెంటు కోసం అర్జీలు పెడుతున్న భద్రు, తెచ్చేవాడు వచ్చాడనుకుని కండువా సర్దుకున్నాడు. "లేదు సాబ్. ఒక్క తీగ గూడ లేదు. చీకట్ల చస్తున్నం."

"సుబ్హానల్లా," అన్నాడు మియా. "నాకు అదే కావాలి."

కరెంటు లేదని సంతోషించి మా తండాకు వచ్చిన మనిషి ఆయనొక్కడే. భద్రు ఆ రోజు సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. తన ఇంట్లో చోటివ్వనన్నాడు. మా బాపు పిలిచి, మా ఎద్దుల కొట్టంలో సగం ఇచ్చాడు.

మియా పనికి సర్కారు లైసెన్సు ఉంది. దాన్ని ట్రంకు మూతకు లోపలివైపు అతికించుకున్నాడు. నేలలో రెండు కడ్డీలు వంద అంగల దూరంలో దిగ్గొట్టి, తీగతో కలిపి, కొట్టంలోని పెట్టెకు తెచ్చాడు. పెట్టెకు టార్చిలైటు సెల్లులు, ఒక టేపురికార్డరు, చెవులకు హెడ్‌ఫోను. రోజూ కోడి కూయక ముందు లేచి, కడ్డీల మొదట్లో నీళ్లు పోసి, తెల్లారేదాకా కూర్చుని వినేవాడు. దగ్గర్లో కరెంటు తీగలుంటే వాటి హోరే వినపడుతుందట.

"ఏం ఇంటరు మియా సాబ్?" అని అడిగాను.

"పిడుగులమ్మా."

"మబ్బే లేకపాయె."

"ఇక్కడివి కాదు. సముద్రానికి అవతల, భూమి కింది సగంలో పడేవి."

హెడ్‌ఫోను నా చెవులకు పెట్టాడు. పెంకులో జొన్నలు వేయిస్తున్నట్టు చిటపట. ఇంతే కదా అన్నట్టు చూశాను.

"ఇవి మామూలువి," అన్నాడు. "అక్కడ పడ్డ పిడుగు చప్పుడు ఎప్పుడైనా ఆకాశం పైకి ఎక్కి, భూమి మీదుగా వంగి ఇటు దిగుతుంది. చాలా పొడుగు దారి. సన్న గొంతు ముందొస్తుంది, బొంగురు గొంతు వెనకబడుతుంది. మనకు అది ఈలలాగా ఉంటుంది. పైనుంచి కిందికి జారే ఈల."

"ఎన్నిసార్లు ఇన్నరు?"

ఆయన హెడ్‌ఫోను తీసుకుని రుమాలుతో తుడిచాడు. "ఇంకా వినలేదు."

"ఎన్నేండ్ల సంది ఇంటున్నరు?"

"పంతొమ్మిది. ఉత్తరాన కొండల్లో విన్నారు. ఇంత దక్షిణాన రాదని పుస్తకాల్లో రాశారు. రాదని రాసినవాడు ఒక్క ఎండాకాలమైనా కూర్చుని విన్నాడా, అదీ నా ప్రశ్న."

నల్ల అట్ట పుస్తకంలో తారీఖు, గంట, నిమిషం వేసి పక్కన 'లేదు' అని రాశాడు. ముందు పేజీలన్నీ లేదు, లేదు, లేదు. ఒక చోట సిరా అలికింది. తుడవొచ్చు కదా అంటే ఆయనకు కోపమొచ్చింది. "తంతి మనిషి రాసిన దాన్ని కొట్టెయ్యడు. కొట్టేస్తే రెండు రైళ్లు ఒకే పట్టాల మీదికొస్తాయి."

ఇంకో రోజు ఆయనే నాకు సరదాకి ఇంకో పెట్టె చూపించాడు. దానికి పాత టెలిఫోను మూతి ముక్క తగిలించి ఉంది. రెండు కడ్డీలు ఇక్కడ దించి అందులో మాట్లాడితే, తీగ లేకుండానే మాట నేలలోంచి పాకి, అవతలి కడ్డీల దగ్గర హెడ్‌ఫోనులో వినపడుతుంది. నన్ను కొట్టంలో కూర్చోబెట్టి బయటినుంచి మాట్లాడాడు. కొత్త గొంతులాగా, నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు వినపడింది. ఆ తర్వాత ఆ పెట్టెను ట్రంకు అడుగున పెట్టేశాడు. అది అక్కడ ఎంతసేపు ఉందో నేను చెప్పలేను. నాకు తెలిసి ఒక పూట.

ఏప్రిల్ రెండో తారీఖు తెల్లారుజామున కొట్టం వెనక పరికి కంపలో కూర్చున్నాను. భద్రు చావడిలోంచి రెండు నాగలి కర్రులు తెచ్చి నేలలో దిగ్గొట్టాను. మియా కడ్డీకి అరవై అంగల దూరం. టెలిఫోను ముక్క మూతికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, పైనుంచి కిందికి ఒక్క జారు జార్చాను.

కొట్టం తడిక సందులోంచి చూస్తే, లాంతరు వెలుగులో మియా లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. గడియారం చూసి రాయబోయాడు, పెన్ను కింద పడింది. తర్వాత హెడ్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేను నవ్వు ఆపుకోలేక కంపలో పడ్డాను. ముళ్లు గుచ్చుకుంటున్నా నవ్వాను. తర్వాత అటుగా పోయి, ఏమీ ఎరగనట్టు "వచ్చిందా మియా సాబ్?" అని అడిగాను.

"వచ్చిందమ్మా," అన్నాడు. ఆ గొంతు విన్నాక కొంచెం అదోలా అనిపించింది. పంతొమ్మిదేళ్లు కూర్చున్న మనిషి ఒక్కదానితో ఏం సరిపెట్టుకుంటాడు? అందుకని రెండు రోజులాగి ఇంకోటి వేశాను, మొదటిదానికంటే బాగా.

ఆరోదో ఏడోదో పడ్డ తర్వాత మియా ఉండబట్టలేక తండా అంతటినీ పిలిచాడు. పొద్దు గూకే వేళ కొట్టం ముందు టేపురికార్డరు పెట్టి మోగించాడు. చిటపట, చిటపట, అందులోంచి నా ఈల సన్నగా మొదలై కిందికి జారింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. భద్రు "దీనికి కరెంటు గావాల్నా?" అని అడిగాడు. మా దాది ఒక్కతే లేచి నిలబడింది. చేతికున్న దంతపు గాజులు గలగలమన్నాయి.

"బంజెయ్యుండ్రి," అంది.

మియా ఆపాడు.

"ఇది పిడుగు గాదు. నేల కూత. వాగవతలి పాత తండాల గూడ గిట్లనే కూసింది. ఎన్కనే గత్తర వచ్చి పన్నెండు మందిని తీస్కపోయింది."

మా దాది అబద్ధాలు నా అబద్ధాల కంటే పెద్దవి. పులి మీసం పీకానని, గోదావరిని మొలలోతులో దాటానని చెప్పేది. నాకు ఆ విద్య ఆమె రక్తంలోంచే వచ్చింది. కానీ నా మాటకు జనం నవ్వేవాళ్లు, ఆమె మాటకు నవ్వేవాళ్లు కాదు. ఆ సాయంత్రం ఎవరూ నవ్వలేదు. మూడో రోజు భద్రు ముసలి ఆవు చచ్చిపోయింది.

ఇరవై ఏళ్ల ఆవు. చావకపోతే ఆశ్చర్యపోవాలి. అయినా దాది "చెప్పిన్నా?" అంది. ఆ తర్వాత నేను ఇంకో రెండు ఈలలు వేశాను. ఎందుకు వేశావంటే, ఉన్నట్టుండి ఆపితే అనుమానం వస్తుందని అనుకున్నాను. ఇప్పుడు చెబుతుంటే నాకే నమ్మకం కలగడం లేదు. ఆ రెండింటి వెనక ఒక దూడ, రెండు మేకలు పోయాయి. జనం పొద్దున్నే కొట్టం దగ్గరికొచ్చి మియాను అడగడం మొదలుపెట్టారు.

"సాబ్, ఈ దినం కూసిందా?"

ఆయన నిజాయితీపరుడు. పుస్తకం చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. "అవతలి దేశపు పిడుగమ్మా, దానికీ మీ మేకకూ సంబంధం లేదు," అని కూడా చెప్పేవాడు.

"అవతల పడితే ఇవతల ఎందుకు ఏడుస్తది సాబ్?" అని అడిగేవాళ్లు. దానికి ఆయన చెప్పే జవాబు పొడుగు. అది పూర్తికాకముందే వాళ్లు తలలూపుతూ వెళ్లిపోయేవాళ్లు.

పదహారో తారీఖుతో ఆపేశాను. కర్రులనూ పెట్టెనూ కంపలోనే వదిలేశాను. మొత్తం తొమ్మిది.

పద్దెనిమిదిన అంగడి. కోడి కూయక ముందే బండి కట్టుకుని బాపూ నేనూ ములకలపల్లి పోయాం. ఉప్పు, మిరపకాయలు, ఎర్రెద్దుకు కొత్త పలుపు కొన్నాం. పొద్దు గూకి ఇంటికొచ్చేసరికి మియా వాకిట్లో నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"పూలీ, పొద్దున మంచిది వచ్చిందమ్మా. ఇంతవరకూ అట్లాంటిది రాలేదు."

నేను బండి మీదే కూర్చున్నాను. ఆయన నాతో వేళాకోళమాడుతున్నాడేమో అనుకున్నాను. ఆయనకు వేళాకోళం రాదు. పిల్లలెవరైనా నా పెట్టె చూశారేమోనని చీకట్లోనే కంపలోకి పోయాను. కర్రుల మీద సాలీడు గూడు కట్టింది.

మర్నాడు పొద్దున కొత్త పలుపు పట్టుకుని కొట్టంలోకి పోయిన బాపు చాలాసేపు బయటికి రాలేదు. ఎర్రెద్దు పక్కకు ఒరిగి ఉంది. మెడ కుండలా వాచింది, నోట్లో నురగ. పశువుల డాక్టరు సైకిల్ మీద వచ్చి, "ఇది గొంతువాపు, ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటది," అని మిగతా గొడ్లకు సూదులు వేసి పోయాడు. దాది సూదుల వంక చూడలేదు. నేల వంక చూసింది.

"బద్యా, ఇంకేం గావాల్రా నీకు?"

"నేల కూయదే," అన్నాడు బాపు. కానీ ఆ మాట ఆ రోజు మెల్లగా అన్నాడు.

ఇరవై అయిదో తారీఖున మియాకు జ్వరం. చెవులు హోరుమంటున్నాయని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని హెడ్‌ఫోను నాకిచ్చాడు. "ఏదైనా వస్తే చెయ్యెత్తు. నేను నిమిషం రాసుకుంటా."

జొన్నలు వేగుతున్నాయి. ఆవులింతలు వస్తున్నాయి. తూర్పున ఇంకా వెలుగు రాలేదు. అప్పుడు అది వచ్చింది.

నేను దాన్ని ఈల అనలేను. ఎవరి నోరూ అంత పైనుంచి మొదలుపెట్టలేదు. సన్నటి సూదిలా లోపలికి దిగి, జారుతూ, జారుతూ, ఇక అయిపోయిందనుకున్న చోట ఆగకుండా ఇంకా కిందికి పోయింది. ఊపిరి తీసుకున్న జాడ లేదు. నా కాళ్ల కిందికి పోయి అక్కడెక్కడో ఆగింది. నేను చెయ్యెత్తలేదు. ఎత్తానని అనుకున్నాను. చెయ్యి ఒళ్లోనే ఉంది.

మియా నా మొహం చూశాడు. నా చెవుల మీదినుంచి హెడ్‌ఫోను మెల్లగా తీసి, టేపు వెనక్కి తిప్పుకుని విన్నాడు. పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ పగలే భద్రు ఇంట్లో రెండు ఎద్దులు ఒకేసారి పడ్డాయి. సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. ఎక్కువసేపు పట్టలేదు. ఇరవై ఏడున పొద్దెక్కేసరికి తండా లేపాలని, అడవి లోపలికి పోయి కొత్త నేల చూసుకోవాలని భద్రు చెప్పాడు. ఆ తర్వాత అయిదు రోజులాగితే సర్వే అని బాపు అన్నాడు.

"అయిదు దినాలల్ల ఎన్ని పోతయో నువ్వు చెప్తవా?" అని భద్రు అడిగాడు.

ఆ లెక్కకు జవాబంటూ ఉంటే అది నా దగ్గరే ఉంది. నేను యాడి వెనక కూర్చుని ఆమె కాలి మట్టెలు లెక్కపెట్టుకుంటున్నాను.

ఇరవై ఏడు తెల్లారుజామున మియా నన్ను లేపాడు. "కడ్డీకి నీళ్లు పోసి వస్తా. ఆఖరి రోజు కదా, నువ్వు కాసేపు విను," అని హెడ్‌ఫోను పెట్టి బయటికి పోయాడు. బయట అప్పటికే బండ్లకు కుండలూ మూటలూ ఎక్కిస్తున్న చప్పుడు. నేను కళ్లు మూసుకుని, ఏదీ రాకూడదని మొక్కుకుంటూ కూర్చున్నాను.

"పూలీ."

నేలలోంచి. నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు.

"భయపడకు. నేనే. కొట్టం వెనక కంపలో, నీ కర్రుల దగ్గర కూర్చున్నా. నువ్వు మాట్లాడితే నాకు వినపడదు. అందుకని విను."

నేను హెడ్‌ఫోనును రెండు చేతులతో చెవులకు అదుముకున్నాను.

"తొమ్మిదిసార్లు నేను పుస్తకం తీయగానే నువ్వు వచ్చి, నవ్వు బిగబట్టుకుని 'వచ్చిందా మియా సాబ్' అని అడిగావు. మొన్న నిజంది వస్తే అడగలేదు. నీ మొహంలో నెత్తురు లేదు. అప్పుడు వెతికాను. టేపులన్నీ మళ్లీ విన్నాను. నీవి చివర్న ఊపిరి చాలక కొంచెం పైకి లేస్తాయి. రెండు మాత్రం లేవవు. అంగడి రోజుది ఒకటి, మొన్నటిది ఒకటి. ఆ రెండే నాకు మిగిలినవి. రెండు చాలు నాకు. ఎక్కువే."

గొంతు సర్దుకున్నాడు.

"నేను చెబితే నీ మీద చాడీ అవుతుంది. పరాయివాణ్ణి, నమ్మరు కూడా. నువ్వే చెప్పు బిడ్డా. బండ్లు కట్టేస్తున్నారు."

నేను బయటికి వచ్చేసరికి దాది నీళ్ల బిందెతో మా గడపలో ఉంది. అప్పటికి పదకొండు ఇళ్ల పొయ్యిలు ఆర్పి వచ్చింది. బాపు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆయన పక్కకు జరిగాడు. ఎవరూ నెట్టలేదు, ఒక్క మాటా అనలేదు. తనంతట తనే జరిగాడు. యాడి పొయ్యి ముందునుంచి లేచింది.

దాది లోపలికి పోయి పొయ్యి మీదికి బిందె వంచబోయింది.

"దాదీ, ఆగు," అన్నాను. "కూసింది నేలగాదు. నేనే."

భద్రు, బండ్ల దగ్గరివాళ్లు, అందరూ తిరిగారు. ఒకరిద్దరు నవ్వారు.

"దీనికి పొద్దుగాల్నే మొదలైంది," అంది దాది. "బాపు జాగ పోతదని కొత్త ముచ్చట అల్లుతాంది."

"కాదు. నాయక్ కాకా చావడిలకెళ్లి రెండు కర్రులు దెచ్చిన. మియా సాబ్ పెట్టె దొంగిలించిన. కొట్టం ఎనక, కడ్డీకి అరవై అంగల దూరంల."

భద్రు నవ్వు ఆపాడు. "నా కర్రులు నీ దగ్గరున్నయానే? ఇరవై దినాల సంది దేవులాడుతున్న."

మియా టేపురికార్డరు తెచ్చి మా వాకిట్లో పెట్టి, దాన్ని తన పెట్టెకు కలిపాడు. నేను కంపలోకి పోయి ఈల వేశాను. అది టేపురికార్డరులోంచి వాకిట్లో అందరికీ వినపడింది. దాది బిందె కింద పెట్టింది. నన్ను కొట్టడానికి చెయ్యెత్తింది గానీ, చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. మా యాడి కొట్టింది. బాగా కొట్టింది.

"ఆగు హేమ్లీ," అన్నాడు భద్రు. "మియా సాబ్, మీ బుక్కుల ఎన్ని రాసుకున్నరు?"

"పదకొండు."

"చదువుండ్రి. పిల్లా, ఒక్కొక్కటి ఇని చెప్పు, నీదా కాదా. ఒక్కటి నీది కాకపోయినా బండ్లు నడుస్తయ్."

మియా కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "ఏప్రిల్ రెండు."

"నాదే."

"నాలుగు."

"నాదే."

అట్లా తొమ్మిది. అన్నీ నిజాలే. వరసగా అన్ని నిజాలు నేను అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు, నాలుక ఎండిపోయింది. మియా పేజీ తిప్పాడు.

"పద్దెనిమిది."

నా వంక చూడలేదు. పుస్తకం వంకే చూస్తున్నాడు. మా ఇంట్లోంచి పొగ వాసన వస్తోంది, పొయ్యి ఇంకా ఆరలేదు.

"నాదే," అన్నాను.

"ఇరవై అయిదు."

"అది గూడ నాదే. పదకొండూ నావే."

భద్రు మియా వైపు తిరిగాడు. "నిజమేనా సాబ్?"

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. ఏప్రిల్ రెండు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కదాన్నీ గీతతో నిదానంగా, వంకర పోకుండా కొట్టేశాడు. పదకొండు గీతలు. ఆఖరి రెండింటికీ చెయ్యి ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు.

"నిజమే," అన్నాడు. "నా పుస్తకంలో ఏమీ లేదు."

మధ్యాహ్నానికి ఆర్పిన పొయ్యిలన్నిటికీ మా పొయ్యిలోంచే నిప్పు తీసుకుపోయారు. మియా ట్రంకు సర్దుకున్నాడు. రోడ్డు దాకా పోయే బండిలో కూర్చున్నాక దగ్గరికి పోయాను.

"మియా సాబ్, ఆ రెండూ నిజంవే గద."

"ఏ రెండమ్మా?" అన్నాడు. బండి కదిలింది.

పొద్దు గూకుతుండగా బాపూ నేనూ మా మూటలు దింపుకుంటున్నాం. బాపు జొన్నల బస్తా భుజానికెత్తుకుని రెండడుగులు వేసి, అక్కడే ఆగాడు.

"పూలీ. పద్దెన్మిదిన అంగడి గదనే."

నేను మూట ముడి చూస్తున్నాను.

"కోడి గూయకముందు నువ్వు నా ఎనక బండ్ల పండుకోనున్నవ్. నా గొంగడి కప్పుకోని."

"ముందుగాల్నే..." అని మొదలుపెట్టాను. టేపులో ముందే పట్టి ఉంచానని, గడియారం మార్చానని, ఇంకా ఏవేవో నోటిదాకా వచ్చాయి. ఏ ఒక్కటి చెప్పినా నమ్మేవాడు. నమ్మడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

"తొమ్మిదే నావి బాపు," అన్నాను. "పద్దెన్మిదిది నాది గాదు. ఇరవై అయిదుది నా చెవులతోని ఇన్న. అది కూడా నాది గాదు."

బాపు కొట్టం వైపు చూశాడు. ఎర్రెద్దు గుంజ ఖాళీగా ఉంది. బస్తాను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"ఇంకెవరికి ఎర్క?"

"మియా సాబ్‌కు."

"మే రెండు దాంక నోరు ఇప్పకు," అని లోపలికి పోయాడు.

బస్తా దించిన చప్పుడైంది. నేను మిగతా మూటలు దింపాను. లోపలికి పోయి చూస్తే పొయ్యి నిండా కట్టెలు పేర్చి ఉన్నాయి. బాపు దాని పక్కన మోకాళ్ల మీద వంగి, చెవి నేలకు ఆనించి ఉన్నాడు. నన్ను చూసి కూడా లేవలేదు. మాట్లాడవద్దని చేత్తో సైగ చేశాడు.